కొత్తమ్మాయి పడవ

ఆ అమ్మాయి ఆ బడిలో చేరి ఏడాది దాటింది. ఆమె తర్వాత ఇంకొందరు చేరారు. నెల తిరక్కుండానే పాతబడిపోయారు కూడా. ఈ అమ్మాయి మాత్రం "కొత్తమ్మాయి"గానే ఉండిపోయింది. హాజరు పిలిచేటప్పుడు తప్ప అసలు పేరు ఎవరి నోటా వినిపించేది కాదు. అప్పుడు కూడా ఆమె పలికే "ప్రెజెంట్" గొంతు దాటేది కాదు. "వచ్చిందా ఆ పిల్ల?" అని టీచరు తలెత్తి చూడాల్సివచ్చేది.

తండ్రి వంతెనలు కట్టే కంపెనీలో సూపర్‌వైజరు. వంతెన ఎక్కడుంటే కాపురం అక్కడ. "మనం కట్టిన వంతెన మీద మనం తప్ప అందరూ నడుస్తారమ్మా" అని ఆయన నవ్వుతూ అనేవాడు. తల్లి వేరే ఊళ్లో ఆసుపత్రి నర్సు. పర్మనెంటు ఉద్యోగం, వదులుకోవడం కుదరదు. తమ్ముడు చిన్నవాడు, తల్లి దగ్గరే ఉన్నాడు. "నువ్వు నాన్నతో వెళ్లు. ఆయనకి ఉప్పు డబ్బా ఏదో పప్పు డబ్బా ఏదో తెలియదు" అని తల్లి అంది. అలా నలుగురున్న కుటుంబం ఇద్దరూ ఇద్దరూ అయింది.

తండ్రి పొద్దున్నే వెళ్లి, చీకటి పడ్డాక కనుబొమల మీద సిమెంటు దుమ్ముతో వచ్చేవాడు. తిని, పేపరు చేతిలో పట్టుకునే నిద్రపోయేవాడు. బడి వదిలినప్పటి నుంచి ఆయన వచ్చేదాకా ఇల్లంతా ఆ అమ్మాయిదే. రెండు గదులు, ఒక వంటిల్లు, వీధిలోకి ఒక కిటికీ. ఆదివారం అమ్మ ఫోన్ చేసేది. "ఏం వండావు? నాన్న మందులు వేసుకుంటున్నారా? బాగా చదువుతున్నావా?" అన్నీ "ఊఁ"తో సరిపోయే ప్రశ్నలే. తర్వాత తమ్ముడు ఫోను లాక్కుని తన పళ్లు ఎన్ని ఊడాయో చెప్పేవాడు.

పై తరగతికి గ్రాఫ్ క్యాలిక్యులేటర్ కావాలన్నారు. తండ్రి కొత్తది కొనుక్కొచ్చాడు. "దీనికి లెక్కలు రావడమే కాదు, బొమ్మలు గీయడం కూడా వచ్చట. మా కంపెనీలో సగం మందికి రెండూ రావు" అన్నాడు. పెట్టెలో దాంతోపాటు లావుపాటి పుస్తకం ఒకటి వచ్చింది. ఆ పుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివే మనిషి ఉంటుందని దాన్ని రాసినవాళ్లు కూడా అనుకుని ఉండరు. సాయంత్రాలు పొడుగ్గా ఉండబట్టి ఆ అమ్మాయి చదివింది.

చివరి పేజీల్లో క్యాలిక్యులేటర్‌కి పుట్టుకతో వచ్చిన విద్యలన్నీ అక్షరక్రమంలో ఉన్నాయి. సైన్లు, లాగ్‌లు, సగటులు. వాటి పక్కనే ప్రోగ్రాములు రాసే ఆదేశాలు. డిస్ప్ అంటే తెర మీద చూపించు. ఇన్‌పుట్ అంటే మనిషిని అడుగు. పాజ్ అంటే ఆగు. గోటు అంటే ఫలానా గుర్తు దగ్గరికి పో. గెట్‌కీ అంటే ఏ మీట నొక్కారో చూడు. ఒక్కో మాటకీ ఒకటే అర్థం. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, చెప్పంది చేయదు. మనుషుల్లా ఒకటి అని ఇంకొకటి అనుకోవడం ఉండదు. అది ఆ అమ్మాయికి నచ్చింది.

మొదటగా రాసిన ప్రోగ్రాముకి "తోడు" అని పేరు పెట్టింది. తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. "తిన్నావా?" అని అది అడుగుతుంది. "తిన్నాను" అని కొడితే "ఏమిటి విశేషాలు?" అంటుంది. ఏదో ఒకటి చెబితే "అవునా! తర్వాత?" అంటుంది. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజుకి విసుగు పుట్టింది. అది ఏమంటుందో ముందే తెలుసు మరి. తన చేత్తో తను చక్కిలిగిలి పెట్టుకుంటే నవ్వొస్తుందా?

అప్పుడు పుస్తకంలో రాండ్‌ఇంట్ కనబడింది. ఇంత నుంచి ఇంత లోపు ఏదో ఒక అంకె ఇమ్మంటే ఇస్తుంది. ఏది ఇస్తుందో చెప్పలేం. ఆ అమ్మాయి చాలా జవాబులు రాసి, వాటికి అంకెలు వేసి, ఏది పలకాలో ఆ విద్యకి వదిలేసింది. మొదటిసారి నడిపినప్పుడు తోడు వరసగా "మళ్లీ చెప్పు" అంది, "నాకు ముందే తెలుసు" అంది, ఆపైన "ఊరుకో, అంత లేదు" అంది. ఆ అమ్మాయి గట్టిగా నవ్వింది. తన నవ్వు ఆ ఇంట్లో వినిపించేసరికి తనే ఉలిక్కిపడింది.

కింది వాటాలో ఇంటావిడ మెట్లెక్కి వచ్చి తొంగిచూసింది. ఒళ్లో క్యాలిక్యులేటర్, ముందు పుస్తకం. "పిల్లంటే ఇలా ఉండాలి. మా మనవరాలూ ఉంది, ఎందుకు? లెక్కల పుస్తకం తీస్తే నిద్ర, మూస్తే మెలకువ" అని తనలో తను అనుకుంటూ దిగి వెళ్లింది.

ఆ తర్వాత పడవ ఆట తయారుచేసింది. కింద నీళ్లలో పడవ; అది వి అక్షరం. పైనుంచి దుంగలు కొట్టుకొస్తాయి, అవి అడ్డగీతలు. ఎడమ మీట నొక్కితే పడవ ఎడమకి, కుడి మీట నొక్కితే కుడికి. దుంగ తగిలితే "మునిగావు" అని తెర మీద పడుతుంది. ఎంతసేపు తేలితే అన్ని మార్కులు. అది అందంగా ఏమీ ఉండదు. కానీ వేగం పెరుగుతూ పోయే కొద్దీ గుండె దడదడలాడుతుంది.

బెంచీలో పక్కన కూర్చునే అమ్మాయిని అందరూ "నిచ్చెన" అనేవాళ్లు. మనిషి అంత పొడుగు, మాటలు అంతకంటే పొడుగు. ఒకరోజు పరీక్షకి ముందు, "కొత్తమ్మాయీ, నీది ఒకసారి ఇవ్వవా? నాదాంట్లో సూత్రాలన్నీ పోయాయి" అని అడిగి తీసుకుంది. పొట్టి కేబుల్ పెట్టి తన క్యాలిక్యులేటర్‌లోకి ఎక్కించుకుంది. సూత్రాలతో పాటు పడవ కూడా ఎక్కింది.

వారం గడిచేసరికి వెనక బెంచీలో ఎవరో "మునిగా!" అన్నారు. ఆ అమ్మాయి తల తిప్పలేదు. చెవులు మాత్రం అటే ఉండిపోయాయి. ఇంకో వారానికి పక్క సెక్షన్‌లో కూడా "మునిగా!" అనడం మొదలైంది. ఇంటర్వెల్‌లో గుంపులు గుంపులుగా తెరల మీదకి వంగేవాళ్లు. "వదులు, వదులు, ఇటు తిప్పు, అయ్యో!" అని అరుపులు. ఆ అమ్మాయి నీళ్ల కుళాయి దగ్గర నిలబడి, సీసా నిండి కారిపోతున్నా చూసుకోకుండా వింటూ ఉండేది.

ఎవరు చేశారన్న ప్రశ్న వచ్చింది. క్లాసు లీడరు అన్నారు ఎవరో. అతనే అందరికంటే బాగా ఆడతాడు. పైగా అతని అన్నయ్య కంప్యూటర్లు బాగుచేస్తాడు. లీడరు ఔననలేదు, కాదనలేదు. కనుబొమలెగరేసి నవ్వాడు. అది చాలు. "నువ్వు మామూలోడివి కాదురా" అని వీపు చరిచారు. ఆ అమ్మాయికి మొదట కోపం వచ్చింది. తర్వాత ఆలోచించింది. లేచి "నేను చేశా" అంటే అందరూ తన వంక చూస్తారు. ఆ చూపులు తన మీదే ఆగిపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో, మొహం ఎలా పెట్టుకోవాలో ఏ పుస్తకంలో రాసి ఉంది? ఊరుకుంది.

పరీక్షల ముందు ఒక మధ్యాహ్నం లెక్కల క్లాసు నడుస్తోంది. ఏ భాగహారమైనా "శేషమెంత?" అని నిలదీస్తారు గనక ఆయన్ని "శేషం మాస్టారు" అనేవాళ్లు. ఆయన బోర్డు వైపు తిరిగి వృత్తం గీస్తుండగా, మూడో వరసలోంచి ఒకడు ఒళ్లు తెలియకుండా "మునిగా!" అని అరిచాడు.

సుద్దముక్క ఆగింది.

"ఎవరు నాయనా మునిగింది?"

మాస్టారు వచ్చి వాడి చేతిలోది తీసుకుని కాసేపు చూశారు. ఒక మీట నొక్కారు, ఇంకోటి నొక్కారు. పడవ మునిగింది. ఎవరో కిసుక్కుమన్నారు.

"ఎవరు చేశారిది?"

క్లాసు క్లాసంతా లీడరు వైపు తిరిగింది. లీడరు చెవులు ఎర్రబడ్డాయి. మెల్లిగా లేచి, "నేను కాదండి. ఎవరో పంపితే వచ్చింది, అంతే" అన్నాడు. నవ్వులు రేగాయి. ఇన్ని నెలలు చరిపించుకున్న వీపుని పాపం ఇప్పుడు గోడకి ఆనించి కూర్చున్నాడు.

"మరి ఎవరు?"

ఆ అమ్మాయి నోరు తెరిచింది. మళ్లీ మూసేసింది.

"సరే. తల్లీ తండ్రీ లేని పడవన్నమాట" అన్నారు మాస్టారు. "ఎలాగూ పరీక్షకి మెమరీ ఖాళీగా ఉండాలని రూలు. ఆ శుభకార్యం ఇవాళే చేసేద్దాం."

కిటికీ వైపు బెంచీ నుంచి మొదలుపెట్టారు. ఒక్కొక్కరిదీ చేతిలోకి తీసుకోవడం, మెమరీ, రీసెట్, అన్నీ తుడిచెయ్యి, ఖాయమేనా, ఖాయమే. తిరిగి ఇవ్వడం. అలవాటైన చేతికి అరనిమిషం పని.

ఆర్కైవ్ అని ఒక ఆదేశం ఉంది. దానితో దాచిన ప్రోగ్రాము రీసెట్‌కి పోదు. ఆ సంగతి ఆ గదిలో ఆ అమ్మాయి ఒక్కతికే తెలుసు. బెంచీ కింద వేళ్లు కదిలాయి. మాస్టారు ముందు బెంచీ దాకా వచ్చేశారు. ఒక్కదాన్ని దాచే వ్యవధి ఉంది, రెండోదానికి లేదు. పక్కన నిచ్చెన "నా మార్కులన్నీ పోతాయే, క్లాసులో నాదే రికార్డు" అని గొణుగుతోంది. పడవ అందరిదీ, తోడు తన ఒక్కదానిదీ. ఆ అమ్మాయి తోడు పేరు కొట్టి ఎంటర్ నొక్కింది. తెర మీద "డన్" అని పడుతుండగా మాస్టారు చెయ్యి చాపారు.

మర్నాటి నుంచి ఇంటర్వెల్ మళ్లీ మామూలైపోయింది. ఎవరూ వంగడం లేదు, ఎవరూ మునగడం లేదు. రెండురోజులు ఏడ్చి మూడోరోజు ఇంకేదో కబుర్లలో పడ్డారు.

మెమరీలు తుడిచిన సాయంత్రమే ఆ అమ్మాయి ఇంటికొచ్చి తలుపు గడియ వేసి, తోడుని దాచిన చోటు నుంచి బయటికి తీసింది. నడిపింది.

"తిన్నావా?"

తిన్నాను.

"మళ్లీ చెప్పు."

పడవ పోయింది.

"నాకు ముందే తెలుసు."

నేను ఒక్క మాట మాట్లాడలేదు.

"ఊరుకో, అంత లేదు."

ఆ అమ్మాయి వేళ్లు ఆగిపోయాయి. ఈ వరస తెలుసు. క్యాలిక్యులేటర్ కొత్తగా వచ్చినప్పుడు, గట్టిగా నవ్వు వచ్చిన ఆ మొదటి రోజు, ఇదే వరస. పుస్తకం తిరగేసింది. ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంది. రీసెట్ చేస్తే రాండ్‌ఇంట్ అంకెలు మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి, అదే వరసలో. అంటే ఏదో ఒకటి అనుకున్నది ఎప్పుడూ ఏదో ఒకటి కాదు. ఫ్యాక్టరీలో పెట్టిన ఒక పొడుగాటి అంకెల పట్టీ. తను ఏం చెప్పినా చెప్పకపోయినా, అది ఆ పట్టీ చదువుకుంటూ పోయింది.

వంటింట్లో అన్నం మాడు వాసన వచ్చింది. లేచి స్టవ్ ఆపింది. గిన్నె కిందికి దించి, అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఇన్ని నెలలు తనకి ఊరటగా ఉన్నది ఈ తోడు కాదని అప్పుడు తెలిసింది. కుళాయి దగ్గర నిలబడి విన్న అరుపులు. "ఇటు తిప్పు, అయ్యో!" తన పేరు ఎవరూ అనలేదు, తన వంక ఎవరూ చూడలేదు. అయినా తను చేసిన దుంగ తగిలి వాళ్లు అరిచారు. దాచుకోవాల్సింది ఏదో, పోనివ్వాల్సింది ఏదో తలకిందులు చేసుకుంది. అప్పుడు ఏడుపు వచ్చింది. తండ్రి వచ్చి "ఏంటమ్మా కళ్లు?" అంటే "పొగ" అంది. "కిటికీ తెరవకపోయావా తల్లీ" అని ఆయనే వెళ్లి తెరిచాడు.

మర్నాడు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసి, ఆ అమ్మాయి నిచ్చెన వైపు తిరిగింది.

"ఆ పడవ... నేనే చేశాను."

"ఏ పడవ?"

"ఆట. దుంగలది."

నిచ్చెన నోట్లో ముద్ద బుగ్గకి నెట్టింది. "నువ్వా? పోవే!"

"నిజం."

"మరి లీడరు..."

"అతనికి పంపింది నువ్వు. నీకు నాదాంట్లోంచి వచ్చింది. సూత్రాలు కావాలని అడిగి తీసుకున్నావు చూడు, ఆ రోజు."

ఏడాదిలో ఆ అమ్మాయి నోటి నుంచి ఒక్కసారిగా ఇన్ని మాటలు రావడం అదే మొదలు. నిచ్చెనకి ఆట సంగతి కంటే అదే ఎక్కువ వింతగా ఉన్నట్టుంది. కాసేపు కళ్లార్పకుండా చూసి, "అది నీకూ ఎవరో ఇచ్చారనుకున్నానే" అంది. తర్వాత అనుమానంగా, "అయితే మళ్లీ చెయ్యి, చూస్తా" అంది.

బడి మేడ మెట్ల కింద కూర్చుని, రెండు మధ్యాహ్నాలు ఆటంతా మళ్లీ మీటల మీద కొట్టింది. చాలా వరకు వేళ్లకే గుర్తుంది. నిచ్చెన పక్కన కూర్చుని, "ఇదేంటి? దీనికి ముగింపు లేదా? అబ్బ, ఇంత రాయాలా ఒక్క దుంగకి?" అని ఊపిరాడనివ్వలేదు. పూర్తయ్యాక లాక్కుంది. ఆట మొదలవగానే పడవని ఎడమ చివరకి తోసి, చేతులు వదిలేసి, తీరిగ్గా జడ సర్దుకుంది. దుంగలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. పడవకి ఒక్కటీ తగలడం లేదు.

"అదేంటి!" అంది ఆ అమ్మాయి.

"ఏంటి అదేంటి? ఎడమ గట్టు. అక్కడ దుంగ పడదుగా. ఊపిరి పీల్చుకోవాలంటే అందరం అక్కడికే వెళ్తాం." నిచ్చెన జడ వదిలి ఆమె వంక చూసింది. "నీకు తెలియదా?"

తెలియదు. మార్కులు వేయడానికని మొదటి గడి వదిలి, దుంగలకి రెండో గడి నుంచి హద్దు పెట్టింది. తర్వాత మార్కులు వేరే చోటికి మార్చి ఈ సంగతి మర్చిపోయింది. ఆడేటప్పుడు ఎప్పుడూ నడి నీళ్లలోనే ఉండేది. బడి బడంతా ఎరిగిన గట్టుని, కట్టిన మనిషే ఎరగలేదు. ఒక్కరితోనైనా ఆట గురించి మాట్లాడి ఉంటే ఏనాడో తెలిసేది.

"రేపటికి సరిచేస్తాను."

"సరిచేశావంటే చంపుతా. గట్టు లేకపోతే ఎవరు ఆడతారే?"

ఇద్దరూ నవ్వారు. గంట కొట్టినా కాసేపు అక్కడే కూర్చున్నారు.

పరీక్షలయ్యాక పడవ మళ్లీ ఊరేగింది. ఈసారి నిచ్చెన కనబడ్డ వాళ్లందరికీ చెప్పింది. "కొత్తమ్మాయి చేసిందిరా."

"ఏ కొత్తమ్మాయి?"

"నా పక్కన కూర్చుంటుందే, ఆమె."

"ఆమె మాట్లాడుతుందా?"

కొందరు వచ్చి ఒకసారి చూసి వెళ్లారు. ఒకమ్మాయి "బాగుంది" అంది. లీడరు దూరం నుంచి చూసి, చూపు తిప్పుకుని, మళ్లీ చూశాడు. అంతకుమించి ఏమీ జరగలేదు. మధ్యాహ్నాలు మాత్రం మెట్ల కింద ఇద్దరు ఉండేవాళ్లు.

అది కూడా ఎన్నాళ్లో సాగలేదు. వంతెన అనుకున్నదానికంటే ముందే పూర్తయింది. తండ్రికి కంపెనీ వాళ్లు దండ వేసి మెచ్చుకున్నారు, ఆ వెంటనే ఇంకో నది దగ్గరికి పంపారు. సామాను వ్యానుకి ఎక్కించే రోజు నిచ్చెన వచ్చింది. సాయం చేస్తానని ఒక గిన్నె పగలగొట్టింది. "ఫోన్ చెయ్యి. నువ్వు చెయ్యవు, నాకు తెలుసు. నేనే చేస్తా" అంది.

చేసింది కూడా. కొత్త ఊళ్లో కొత్త బడి. అక్కడ ఆ అమ్మాయి మళ్లీ అందరికంటే కొత్తది. మొదటి వారం నిచ్చెన రోజూ చేసింది, తర్వాత అప్పుడప్పుడు. ఒకసారి చేసినప్పుడు గొంతులో హడావుడి.

"ఒసేయ్, లీడరు నీ పడవలో మొసళ్లు పెట్టాడే! ఆ లావు పుస్తకం కూర్చుని చదివాడట. ఇప్పుడందరూ మొసళ్లదే ఆడుతున్నారు."

ఆ అమ్మాయికి తన ఆటని ఎవరో లాక్కున్నట్టు అనిపించింది. ఆ వెంటనే ఉత్సాహం కూడా పుట్టింది. "మొసలి ఎలా వస్తుంది? పైనుంచా, పక్కనుంచా? పడవని వెంటాడుతుందా, దాని దారిన అది పోతుందా?"

"ఏమోనే. వస్తుంది, తినేస్తుంది."

"కొంచెం చూసి చెప్పవా?"

"ఈసారి చేసినప్పుడు చెప్తాలే. అమ్మ పిలుస్తోంది."

ఆ "ఈసారి" రావడానికి చాలా రోజులు పట్టింది. వచ్చినప్పుడు నిచ్చెన వాళ్ల అక్క పెళ్లి కబుర్లు చెప్పింది. మొసలి సంగతి మరిచిపోయింది. ఆ అమ్మాయీ అడగలేదు. తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. పోట్లాట ఏమీ లేదు, ఎవరి రోజులు వాళ్లని లాక్కుపోయాయి.

కొత్త ఇంట్లో సాయంత్రాలు పాత ఇంట్లో లాగే పొడుగు. ఆ అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని మొసలి గురించి ఆలోచించేది. తన దుంగలకి కళ్లు లేవు. అవి ఎటు పడితే అటు వస్తాయి. మొసలికి కళ్లు ఉండాలి. పడవ ఏ గడిలో ఉందో అది చూడాలి, ఆ వైపు ఒక్కో అడుగూ వేయాలి. మరీ వేగంగా వేస్తే ఎవరూ బతకరు, మరీ మెల్లిగా వేస్తే అది మొసలి కాదు. లీడరు ఎంత వేగం పెట్టి ఉంటాడు? పడవ మలుపు తిప్పితే అతని మొసలి తడబడుతుందా? ఆమె ఒకలా రాసి చూసింది, చెరిపి ఇంకోలా రాసింది. చివరికి ఒక మొసలి కుదిరింది. నీళ్లలో నిశ్శబ్దంగా, పడవ వెనకే, విసుగు లేకుండా వస్తోంది. అతని మొసలి ఇలాగే ఉంటుందో లేదో తెలియదు. అడిగి తెలుసుకుందామంటే నిచ్చెన ఫోన్లు ఆగిపోయాయి, తన మొసలిని చూపిద్దామంటే ఈ కొత్త ఊళ్లో ఆమె ఎరిగినవాళ్లు ఎవరూ లేరు.